అల్లుడుగారు ముద్ద ముట్టడం లేదు

"తినదు. కావాలంటే రాసిస్తాను, తినదు," అన్నారు అత్తగారు, సోఫాలో బాసింపట్టు వేసుకుని.

"అమ్మా, నువ్వు కాసేపు మాట్లాడకుండా ఉంటావా? నీ గొంతుకే అది బెదిరిపోతోంది."

"నా గొంతుకి బెదిరేవాళ్లుంటే ముందు మీ నాన్న బెదరాలి. ఇన్నేళ్లలో ఒక్కనాడైనా బెదిరారా?"

కొడుకు చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, పొడుగాటి ప్లాస్టిక్ పుల్ల చివర రొయ్యముక్క గుచ్చి, అక్వేరియం నీళ్లలోకి దించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అతన్ని వీధిలో అందరూ రక్తం సారు అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం చేతుల్లోంచి నెత్తురు తీసి పరీక్షలు చేసే ఉద్యోగం. సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదని పేరు. అంత నిలకడైన చెయ్యి.

ఆ చేతి కింద రొయ్యముక్క కూడా అంతే నిలకడగా, గోడకి కొట్టిన మేకులా కదలకుండా ఉంది.

రాతిగూడు కింద తలకిందులుగా వేలాడుతున్న చేప దానికేసి ఒక్కసారి చూసింది. చూసి, పక్కకి తిరిగి కూర్చుంది.

అరచేతిలో పట్టేంత చేప. ఒళ్లంతా ఇటుకరంగు చారలు, రెండు పక్కలా విసనకర్రల్లా విచ్చుకునే రెక్కలు, వీపు మీద వరసగా ముళ్లు, ఆ ముళ్లలో విషం. లయన్ ఫిష్, అందులో మరుగుజ్జు జాతి అన్నాడు చేపల షాపతను. తొట్టి శుభ్రం చేస్తుందని అతను కొసరుగా ఇచ్చిన బతికున్న రొయ్యని వచ్చిన రోజే భోంచేసింది. ఆ తర్వాత ఫ్రిజ్‌లోంచి తీసిన రొయ్య పెడితే మూతి ముడుచుకుంది. కదిలేదే దానికి తిండి. కదలనిది ఎంత ఖరీదైనదైనా దాని లెక్కలో రాయీ రప్పా.

దానికి పేరు పెట్టింది అత్తగారు. "ఏ పనీ చెయ్యడు. బతిమాలితే గానీ తినడు. దగ్గరికెళ్తే ముళ్లు. మనకి ఆడపిల్ల లేని లోటు తీరింది," అన్నారు. అప్పటినుంచి అది అల్లుడుగారు.

అల్లుడుగారు ముద్ద ముట్టి వారం దాటింది. పొట్ట లోపలికి పోయి, తల పెద్దదిగా కనిపిస్తోంది.

కోడలు కాఫీల పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఎటువైపు వెళ్లినా ఎవరో ఒకరి పక్షం చేరినట్టవుతుందని కాసేపు అక్కడే ఉండిపోయింది. చివరికి భోజనాల బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ మావగారు పేపరు బల్ల మీద పరిచిపెట్టి, దాని మీదికి వంగి, లోకంతో సంబంధం లేనట్టు చదువుకుంటున్నారు. ఆయనకి సగం కప్పే పొయ్యాలి. ఈమధ్య కాఫీ తగ్గించారు.

"నాన్నా," అన్నాడు రక్తం సారు, పుల్ల కదపకుండా. "నువ్వు పెడితే తింటుంది కదా. ఒక్కసారి రా."

"పేపరు చదువుకుంటున్నాను."

"అది నిన్నటి పేపరు."

"నిన్న చదవలేదు."

అత్తగారు నోరు తెరిచి, కొడుకు చూపు చూసి, మళ్లీ మూసుకున్నారు. ఆ ఇంట్లో అది అరుదైన ఘట్టం.

గొడవంతా పోయిన వారం మొదలైంది. నాలుగు నెలలుగా చేపకి తిండి పెట్టే పని మావగారిదే. అదే చచ్చిన రొయ్య, అదే పుల్ల. ఆయన పెడితే అల్లుడుగారు రెక్కలు విప్పుకుని వచ్చి మరీ తినేవారు. కాకపోతే ఒక షరతు. ఆయన పెట్టేటప్పుడు హాల్లో ఎవరూ ఉండకూడదు. "చేప సిగ్గుపడుతుంది," అనేవారు. సిగ్గుపడే చేపని ఎవరూ ఎరగకపోయినా, తింటోంది కదా అని అందరూ పక్కకి తప్పుకునేవారు. పోయిన వారం రక్తం సారుకి ఆ కిటుకేదో తెలుసుకోవాలనిపించింది. తెర చాటున ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఫోను కిర్రుమంది. మావగారి చేతిలోంచి పుల్ల జారి తొట్టి అడుగుకి పోయింది. ఆయన రెండు చేతులూ పైజామా జేబుల్లో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. అంతే. మళ్లీ ఆ తొట్టి వైపు రాలేదు.

"ఆ వీడియో తీసేశాను నాన్నా, ఒట్టు. అయినా అందులో పడింది నీ వీపేగా!"

"వీపు మాత్రం నాది కాదూ?"

"సరే, తప్పయిపోయింది. ఇంకేం చెయ్యమంటావ్? ఆ చేప ఏం చేసింది పాపం?"

మావగారు పేజీ తిప్పారు. తిప్పడం అంటే అరచేత్తో తోశారు.

రక్తం సారు తినని రొయ్యని జాగ్రత్తగా పైకి తీశాడు. వదిలేస్తే కుళ్లి ఉప్పునీళ్లు పాడవుతాయి. తర్వాత గాజు గొట్టంలో కాసిని నీళ్లు పట్టి, ఉప్పు సరిగా ఉందో లేదో చూసి, తగ్గిన నీళ్ల బదులు మంచినీళ్లు పోశాడు. కోపంలో కూడా పని తప్పించని మనిషి.

"ఉప్పు పరీక్ష ప్రతిరోజూ చేస్తాడు. కూరలో ఉప్పు లేకపోతే మాత్రం నెల తర్వాత తెలుస్తుంది," అన్నారు అత్తగారు గోడతో.

"సాయంత్రం షాపతను డబ్బా ఇస్తానన్నాడు," అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. "అందులో పెట్టి తిరిగిచ్చేస్తాను. మన కళ్ల ముందు చిక్కి చచ్చేకంటే, దాన్ని చూసుకోగలిగినవాడి దగ్గరుంటే మేలు."

ఆ మాటకి ముగ్గురూ తలెత్తారు. మావగారు అందరికంటే ముందు దించేసుకున్నారు.

చేప పోతే పోతుంది. కానీ చేపతో పాటు పోయేదేమిటో కోడలికి తెలుసు. వీధి మలుపులో ఉన్న తన వాచీల షాపుకి మావగారు తాళం వేసి, "ఇప్పుడెవరు పెట్టుకుంటున్నారమ్మా వాచీలు?" అని ఇంట్లో కూర్చున్న రోజులు ఆమె చూసింది. పొద్దున లేచి గోడకేసి చూస్తూ కూర్చునేవారు. మధ్యాహ్నం అదే గోడ. గడ్డం గీసుకోవడం మానేశారు. అల్లుడుగారొచ్చాకే ఆయనకి పొద్దున లేవడానికి ఒక పని దొరికింది. "మనవాడు ఇవాళ ఎడమ రెక్క ఎక్కువ ఆడిస్తున్నాడే," లాంటి కబుర్లు దొరికాయి. సాయంత్రం ఆ డబ్బా గుమ్మం దాటిందంటే, ఆ గోడ మళ్లీ ఆయన్ని తినేస్తుంది.

"చేప సంగతి సరే," అన్నారు అత్తగారు హఠాత్తుగా. "నా వాచీ సంగతేంటండీ?"

పెళ్లయిన కొత్తలో మావగారు ఒక్కో భాగం ఏరి, తన చేతులతో కూర్చి ఆవిడకి పెట్టిన వాచీ అది. నెలల కిందట ఆగిపోయింది. బాగుచేస్తానని తీసుకున్నారు. ఆవిడ మణికట్టు మీద పాత వాచీ గుర్తు తెల్లగా అలాగే ఉంది.

"చూస్తాను."

"ఊరందరి వాచీలూ చూసిన చేతులకి నాది ఒక్కటే కనపడ్డం లేదా?"

మావగారు కాఫీ కప్పు వైపు చెయ్యి చాపబోయి, ఏమనుకున్నారో, జేబులో పెట్టేసుకున్నారు.

"రేపు," అన్నారు.

"రేపు అనే మాట విని విని, ఆ మాటకి కూడా తుప్పు పట్టింది," అని అత్తగారు ఉతికిన బట్టల బుట్ట నడుముకి ఆనించుకుని మేడ మీదికి వెళ్లిపోయారు. రక్తం సారు బండి తీసి ఉద్యోగానికి పోయాడు. హాల్లో అక్వేరియం మోటారు చప్పుడు ఒక్కటే మిగిలింది.

కోడలు కొంగు నడుముకి దోపుకుని, పుల్లకి కొత్త రొయ్య గుచ్చింది.

"రండి బాబూ, రండి. మీ అత్తగారింట్లో ఇంతకంటే మర్యాద జరగదు."

పుల్లని పైకీ కిందికీ ఆడించింది. గుండ్రంగా తిప్పింది. రాతిగూటి ముందు పరుగెత్తించింది. అల్లుడుగారు చెడ్డ నాటకానికి ముందు వరసలో దొరికిపోయిన పెద్దమనిషిలా చూస్తూ కూర్చున్నారు.

"అలా కాదమ్మాయ్," అన్నారు మావగారు బల్ల దగ్గర్నుంచే. "అంత హడావుడి చేసే రొయ్య సముద్రంలో ఉండదు. దానికి అనుమానం వస్తుంది."

"మరి రొయ్య ఎలా ఉంటుంది మావయ్యా?"

"అది... ఉన్నచోటే ఉంటుంది. ఊరికే..." ఆయన ఆగిపోయారు. "నాకేం తెలుసు? నేనేమన్నా రొయ్యనా?"

కోడలు పుల్లని తొట్టి అంచు మీద అడ్డంగా పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"సాయంత్రం డబ్బా వచ్చేస్తుంది మావయ్యా. పోయేవాణ్ణి ఖాళీ కడుపుతో పంపిస్తామా? నేను వంటింట్లోకి పోతాను. అత్తయ్య మేడ మీదున్నారు. ఎవరూ చూడరు."

"నువ్వు?"

"నేను హాల్లోకి తొంగి కూడా చూడను."

ఆ మాట ఆమె నిలబెట్టుకుంది. హాల్లోకి తొంగి చూడలేదు. చేతులు కడుక్కునే చోట గోడకి అద్దం ఉంది, వంటింట్లో పొయ్యి పక్కన నిలబడితే ఆ అద్దం కనబడుతుంది, అద్దంలో హాలు కనబడుతుంది, హాల్లో అక్వేరియం కనబడుతుంది. అద్దం చూసుకోనని ఆమె ఎవరికీ మాటివ్వలేదు.

మావగారు కుర్చీ వెనక్కి జరిపారు. తర్వాత లేచారు. మేడమెట్ల వైపు చూశారు. వంటింటి వైపు చూశారు. తొట్టి దగ్గరికెళ్లి గాజు మీద వేలితో మెల్లిగా రుద్దారు, పసివాడి బుగ్గ నిమిరినట్టు.

"ఏరా, చిక్కిపోయావురా," అన్నారు. "నా మీద అలిగి నువ్వు పస్తుండటమేంటి? అలిగింది నేను కదా."

అప్పుడు కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీసి పుల్ల అందుకున్నారు.

కోడలి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

ఆ చెయ్యి వణుకుతోంది. చలికి వణికినట్టు కాదు, భయానికి వణికినట్టూ కాదు. సన్నగా, ఆగకుండా, లోపల ఎవరో తీగ మీటుతున్నట్టు. ఆ వణుకు పుల్ల పొడుగునా దిగి రొయ్య దాకా పోయింది. పోయి, ఆ చచ్చిన ముక్కకి ప్రాణం పోసింది. ఉన్నచోటే ఉంది, కాళ్లు ఆడిస్తున్నట్టు, మీసం కదుపుతున్నట్టు, తన పని తాను చేసుకుంటున్న రొయ్యలా ఉంది.

రాతిగూటి కింద చారల రెక్కలు విచ్చుకున్నాయి. అల్లుడుగారు మెల్లిగా, దర్జాగా కదిలారు. ఠక్. రొయ్య లేదు.

పరిచిన పేపరు. సగం కప్పు కాఫీ. గీసుకోని గడ్డం. గుండీల చొక్కా మానేసి తలమీంచి తొడుక్కునే బనియన్లు. ఎప్పుడూ జేబుల్లోనే ఉండే చేతులు. తాళం వేసిన షాపు. అన్నీ కోడలి ముందు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఇన్నాళ్లూ కళ్ల ముందే తిరిగాయి, ఒక్కదాన్నీ పలకరించలేదే అనుకుంది.

"అద్దంలో నేను నీకు కనపడితే, నువ్వు నాకు కనపడవా అమ్మాయ్?" అన్నారు మావగారు, వెనక్కి తిరక్కుండానే.

కోడలు గరిటె పక్కన పెట్టి హాల్లోకి వచ్చింది. ఏమనాలో తోచలేదు. తోచనప్పుడు చేసే పనే చేసింది. ఇంకో రొయ్య అందించింది.

ఆయన దాన్ని గుచ్చడానికి ప్రయత్నించారు. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఆమె ఆయన చేతి కింద తన చెయ్యి ఆనించింది. గుచ్చుకుంది.

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"ఇంట్లో రక్తం సారుని పెట్టుకుని బయట చూపించుకుంటే బావుంటుందా?" ఆయన నవ్వబోయారు. "బిగబట్టుకున్న ఊపిరి మీద బతికిన చెయ్యమ్మా ఇది. వెంట్రుకంత స్ప్రింగు పట్టుకుని అటూ ఇటూ పోనిచ్చేది కాదు. ఇప్పుడు నా మాట వినదు. మీరంతా చూస్తే ఏం చేస్తారు? ముందు కప్పు లాక్కుంటారు. తర్వాత షాపు తాళాలు. తర్వాత చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. ఈ ఇంట్లో ఈ చెయ్యి ఇలా ఉన్నందుకు సంతోషించేది వీడొక్కడే." తొట్టి వైపు గడ్డం ఆడించారు. "వీడికి ఇంతకుముందు నేనెలా ఉండేవాణ్ణో తెలీదుగా."

అల్లుడుగారు రెండో రొయ్య మింగి, ఆవులించినట్టు నోరు తెరిచి మూశారు.

"మీ అబ్బాయికి నేను చెప్పను మావయ్యా," అంది కోడలు. "కానీ మీరు చెప్పాలి."

"చెప్తాను. ముందు మీ అత్తయ్య వాచీ ఇచ్చేశాక."

"అదెక్కడుంది?"

ఆయన పడగ్గదిలోకి వెళ్లారు. తర్వాత బట్టల బీరువా అడుగు అరలోంచి మూత ఉన్న చిన్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. వాచీ అందులో ఉంది. వెనక మూత ఊడి, గుండె తీసేసి ఉంది.

"విప్పకుండా ఉండాల్సింది," అన్నారు. "నూనె వేస్తే సరిపోయేది. ఈ చెయ్యి ఇంకా పనికొస్తుందని నాకు నేనే చూపించుకుందామని మొత్తం విప్పాను. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని అన్నీ పెట్టగలిగాను, ఈ ఒక్కటీ తప్ప." చిన్న చక్రం, దాని మీద కనబడీ కనబడని చుట్టలా స్ప్రింగు. "ఇదే అమ్మా వాచీ. మిగతాదంతా సామాను. ఇది అటూ ఇటూ కొట్టుకుంటుంటేనే అది బతికున్నట్టు."

కోడలు ఆ చక్రాన్ని చూసింది. తన చేతులు చూసుకుంది. సూదిలో దారం ఎక్కించే చేతులు, అన్నంలో రాళ్లు ఏరే చేతులు. డిగ్రీలో వీటికి సంబంధించిన పాఠం ఏదీ ఉన్నట్టు లేదు.

"చెప్పండి, నేను పెడతాను."

"నువ్వా?"

"మీలా రొయ్యని ఆడించడం నాకు చేతకాలేదు గానీ, మీరు మాట చెప్తే చెయ్యి మేకులా కదలకుండా పట్టగలను. మీ అబ్బాయి దగ్గర నేర్చుకున్నాను."

మావగారు ఈసారి నిజంగానే నవ్వారు.

తెల్లని పళ్లెం పెట్టారు. కంటికి పెట్టుకునే భూతద్దం ఆమెకి తొడిగారు. సన్నటి పట్టకారు ఇచ్చారు. "బిగించి పట్టకు, అలిగిపోతుంది. పట్టీ పట్టనట్టు పట్టు. ఊపిరి వదిలేసి, వదిలాక వచ్చే ఖాళీలో పెట్టు." ఆమె పెట్టింది. జారింది. మళ్లీ పెట్టింది. జారింది. చక్రం ఒకసారి పళ్లెం దాటి పేపరు మీద పడితే, ఇద్దరూ తలలు ఢీకొట్టుకుని వెతికారు. మెడ పట్టేసింది. బియ్యం కడగలేదని గుర్తొచ్చింది. మేడ మీదినుంచి దులుపుతున్న దుప్పట్ల చప్పుడు వచ్చినప్పుడల్లా ఇద్దరూ దొంగల్లా ఆగారు.

"కిందికి కాదు, కొంచెం నీవైపుకి... ఆ... వదిలెయ్."

వదిలేసింది. దాని మీద చిన్న వంతెనలాంటి రేకు పెట్టి, ఆవగింజంత మర బిగించింది. ఏమీ జరగలేదు. మావగారు వంగి, పళ్లాన్ని చిటికెనవేలితో చిన్నగా కదిపారు.

చక్రం అటు ఊగింది. ఇటు ఊగింది. ఆగలేదు.

సన్నగా, ఆగకుండా అది వణుకుతూనే ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మావగారు పేపరు లాగి పళ్లెం మీద కప్పేశారు. కోడలు కంటికున్న భూతద్దం పీకి జాకెట్లో పడేసింది.

అత్తగారు ఖాళీ బుట్టతో గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం చేస్తున్నారిద్దరూ?"

"పేపరు చదువుతున్నాం అత్తయ్యా."

"ఇద్దరూ కలిసి? ఒక్క పేజీయా?"

"చాలా బావుంది," అన్నారు మావగారు.

అత్తగారు బుట్ట కింద పెట్టి, బల్ల దగ్గరికొచ్చి, చెవి వంచారు.

"ఈ పేపరు టిక్కు టిక్కుమంటోందేంటి?"

ఆవిడ పేపరు ఎత్తారు. తెల్లటి పళ్లెంలో, ఒంటి మీద మూత లేకుండా, ఆవిడ వాచీ నడుస్తోంది.

ఆవిడ దాన్ని చూస్తూ ఉండిపోయారు. బుగ్గలు ఒకసారి కదిలాయి. ఇప్పుడు ఆనందపడతారు, పడి ఏదో ఒక దెప్పుడు మాట అంటారు, అందరం ఊపిరి పీల్చుకోవచ్చు అనుకుంది కోడలు.

"చక్రం ఎవరు పెట్టారు?" అన్నారు అత్తగారు.

"నేనే," అన్నారు మావగారు.

కోడలు నేలకేసి చూసింది.

అత్తగారు పళ్లెం మీద పేపరు మళ్లీ కప్పారు. మెల్లిగా, పసిపిల్ల మీద దుప్పటి కప్పినట్టు కప్పారు. తొట్టి దగ్గరికెళ్లి, గిన్నెలో మిగిలిన ఆఖరి రొయ్య పుల్లకి గుచ్చి, నీళ్లలోకి దించారు.

ఆవిడ ఏనాడూ ఆ పుల్ల ముట్టుకున్న మనిషి కాదు.

అల్లుడుగారు చూశారు. ఆవిడ చెయ్యి నిలకడగా ఉంది. తర్వాత ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. సన్నగా, ఆగకుండా, లోపల ఎవరో తీగ మీటుతున్నట్టు. అచ్చం అలాగే.

రెక్కలు విచ్చుకున్నాయి. ఠక్.

మావగారు కుర్చీ వీపు పట్టుకున్నారు.

"మీ పక్కన కూర్చుని టీవీ చూస్తుంటే సోఫా వణుకుతుంది," అన్నారు అత్తగారు, చేపకి చెప్తున్నట్టు. "సోఫా పాతదైపోయింది, కీళ్లు వదులయ్యాయి అన్నారు. నేను కీళ్లు బిగించుకున్నాను, మీరు లేనప్పుడు. అయినా వణికింది. రోజూ వాచీ అడుగుతున్నది వాచీ కోసం కాదండీ. అడిగితే, ఏదో ఒక రోజు విసుగొచ్చి నా చెయ్యి ఇలా అయింది అని చెప్తారేమోనని."

"ఏమే..."

"నాకు వంటింట్లో గోడ గడియారం ఉంది. టైము చూసుకోలేక చావట్లేదు నేను."

ఆవిడ పుల్ల ఇంకా నీళ్లలోనే ఉంది. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. అది నటనో, ఇప్పుడు నిజంగానే వణుకుతోందో కోడలికి తెలియలేదు.

గుమ్మం దగ్గర ఏదో కింద పెట్టిన చప్పుడైంది.

రక్తం సారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు, పక్కన షాపతను సాయంత్రం దాకా ఆగకుండా ఇచ్చేసిన మూత డబ్బా. ఎప్పుడొచ్చాడో, మాటలెంతవరకు విన్నాడో తెలియదు. అతను చేప వైపు చూడలేదు. చేప తిన్నదన్న సంగతే పట్టినట్టు లేదు.

"అమ్మా," అన్నాడు. "నీ చెయ్యి ఎందుకలా వణుకుతోంది?"

అతను రెండంగల్లో వచ్చి ఆవిడ చేతిలోంచి పుల్ల తీసుకుని, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వీధిలో అందరి చేతులూ పట్టుకునే మనిషి, తల్లి చెయ్యి ఎలా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి? చెప్పవేంటమ్మా, ఎప్పట్నుంచి?"

అత్తగారు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మావగారి వైపు చూశారు. తర్వాత కొడుకు వైపు తిరిగారు.

"ఉందిలేరా, కొన్నాళ్లుగా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరంతా కలిసి నా చేతిలోంచి గరిటె లాగేసుకుంటారని."

కోడలు నోటి దాకా వచ్చిన మాటని పళ్లతో ఆపేసింది. ఈ మాట చెప్పాల్సింది ఆవిడ కాదు. తను కూడా కాదు.

"రేపు పొద్దున్నే వెళ్దాం," అన్నాడు రక్తం సారు. "నాకు తెలిసిన పెద్ద డాక్టరున్నాడు. రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే ఫోన్ చేస్తాను. నాన్నా, నువ్వైనా చూడలేదా? పక్కనే ఉంటావు కదా నాన్నా?"

మావగారు అక్వేరియం పక్కగా రెండడుగులు వేసి, భార్యకీ కొడుక్కీ మధ్యకి వచ్చారు. జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశారు. గాజు పక్కన దాన్ని చాపి ఉంచారు.

తొట్టిలో, మూడు రొయ్యలు తిని కడుపు నిండిన అల్లుడుగారు, ఆ వేళ్లకేసి చూస్తూ రెండు రెక్కలూ పూర్తిగా విప్పారు. గూడు వదిలారు. నీళ్లన్నీ దాటి, గాజుకి మూతి ఆనించి, అక్కడే ఆగారు.

రక్తం సారు ముందు చేప వైపు చూశాడు. తర్వాత, చేప చూస్తున్న చోటికి చూశాడు.